కమ్మీ పట్టుకుని చూసిన నాటకం

కుర్చీలో కూర్చుని నాటకం చూసేవాళ్ళంటే నాకు ఇప్పటికీ జాలే. ముందువాడి తల అడ్డమొస్తే అటు వంగాలి, ఇటు వంగాలి. పక్కావిడ చీర తొక్కకుండా కాళ్ళు ముడుచుకోవాలి. నాటకం చప్పగా ఉన్నా లేచిపోవడానికి మొహమాటం. నిలబడే టికెట్టువాళ్ళకి ఈ బాధలేవీ లేవు. ఆ హాల్లో ఆఖరి వరస కుర్చీల వెనక, నడుమెత్తున ఒక ఇనప కమ్మీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండేది. దాని మీద మోచేతులు ఆన్చి నిలబడితే స్టేజీ మొత్తం మనదే. వెనక గోడ తప్ప ఎవరూ లేరు కాబట్టి ఏడుపొస్తే హాయిగా ఏడవొచ్చు. నవ్వొస్తే పక్కవాడి భుజం మీద కొట్టి మరీ నవ్వొచ్చు, వాడు కూడా మీ భుజం మీద కొడతాడు, అంతే.

ఉత్తర కలకత్తాలో ట్రాము రోడ్డు మీదే ఉండేది ఆ హాలు. ఇప్పుడు లేదు, అక్కడ చెప్పులూ సూట్‌కేసులూ అమ్ముతున్నారు. ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట, సాయంత్రం ఒక ఆట ఉండేవి. కుర్చీలన్నీ అయిపోయాకే నిలబడే టికెట్లు ఇచ్చేవారు. బుకింగు కిటికీలో ఉండే ఆయన్ని అందరిలాగే నేనూ కాకూ, అంటే బాబాయ్, అని పిలిచేదాన్ని. నన్ను చూడగానే చెయ్యెత్తి ఆగమనేవాడు. ఆగేవాళ్ళం. నాటకం మంచిదై కుర్చీలు నిండాలని అంత గట్టిగా కోరుకునేవాళ్ళు మేం తప్ప ఇంకెవరూ ఉండరు, నటులతో సహా.

కమ్మీ దగ్గర కొన్ని పద్ధతులుండేవి. ఇంటర్వెల్లో బయటికెళ్ళేవాళ్ళు తమ చోట కమ్మీకి రుమాలు కట్టి వెళ్ళాలి. రుమాలున్న చోట ఎంత పెద్దమనిషి వచ్చినా నిలబడకూడదు. పొట్టివాళ్ళు మధ్యలో, పొడుగువాళ్ళు గోడల వైపు. ఇవన్నీ నాకు నేర్పింది ఒక రిటైరైన ట్రాము కండక్టరు. బతుకంతా ట్రాములో నిలబడే ఉన్నాడు కాబట్టి కూర్చుంటే తనకి కథ అర్థం కాదని చెప్పేవాడు. మొదటి ఆదివారం నేను గోడ పక్కన ముడుచుకుని ఉంటే, నన్ను మధ్యలోకి లాగి, తన మోచెయ్యి జరిపి చోటిచ్చాడు. ఆయన్ని దాదా, అంటే అన్నా, అనేదాన్ని. మా తాత వయసుంటుంది, అయినా దాదాయే.

నేను కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో పుట్టాను. మా అయ్య శ్రీకాకుళం సముద్రం ఒడ్డు నుంచి ఓడరేవులో డాకు పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. నేను ఒక మందుల కంపెనీలో సీసాలకి లేబుళ్ళు అంటించేదాన్ని. వారమంతా స్టూలు మీద కూర్చుని నడుము విరిగేది. ఆదివారం నిలబడడమే నాకు విశ్రాంతి. అమ్మకి ఇది బొత్తిగా అర్థమయ్యేది కాదు. డబ్బిచ్చి నిలబడి రావడమేటే, మతి గాని పోయిందా, మన వీధి కొళాయి దగ్గర ఊరికే నిలబడొచ్చు కదా అనేది.

అయ్యకి మాత్రం అర్థమయ్యేది, ఎందుకంటే ఆయనది నిలబడే పని. ఓడ మీద, సరుకు దించే పెద్ద గొయ్యి అంచున నిలబడాలి. లోపల అడుగున మూటలు కట్టేవాళ్ళుంటారు. అవతల సరుకెత్తే యంత్రం, వించీ, నడిపేవాడుంటాడు. వాళ్ళకి వీళ్ళు కనిపించరు, వీళ్ళకి వాళ్ళు కనిపించరు. ఇద్దరికీ కనిపించేది మా అయ్య చేతులే. ఎత్తు, ఆపు, నెమ్మదిగా దించు, అన్నీ చేతులతోనే చెప్పాలి. రెండు చేతులూ తల మీదికెత్తి, అరచేతులు కిందికి పెట్టి, మెల్లగా పక్కలకి తెరిచాడంటే సరుకు క్షేమంగా దిగిందని. నా చిన్నప్పుడు, అన్నం పెట్టాక చాలా, ఇంకా కావాలా అని అమ్మ అడిగితే అదే సైగ చేసేవాడు.

ఇక నాటకాల పిచ్చి నాకు ఆయన దగ్గరి నుంచే అంటుకుంది. కుర్రతనంలో పద్యనాటకం ఎక్కడ ఆడుతున్నారంటే అక్కడికి ఇసకలో నడిచి వెళ్ళేవాడట. మా డాకు క్వార్టర్ల వెనక మైదానంలో ఏటా శ్రీరామనవమికి మనవాళ్ళు ఒక నాటకం వేసేవారు. ఆ రోజు చూడాలి మా అయ్యని. నటుడు పద్యం ఎత్తుకుని, చివర రాగం తీసి తీసి వదిలాడో లేదో, "వన్స్‌మోర్!" అని మొదటి కేక మా అయ్యదే. ఇక హార్మోనియం మళ్ళీ మొదలెట్టాల్సిందే, పద్యం మళ్ళీ పాడాల్సిందే. యుద్ధంలో చచ్చి పడిపోయిన వీరుడు కూడా వన్స్‌మోర్ అంటే లేచి, దుమ్ము దులుపుకుని, పాడి, మళ్ళీ చచ్చేవాడు. ఎవరికీ తప్పనిపించేది కాదు. వన్స్‌మోర్ పడని నటుడు ఇంటికెళ్ళి అన్నం తినడని మా అయ్య నమ్మకం.

ఒక ఏడాది మా హాల్లో ఒక నాటకం వచ్చింది. గంగ ఒడ్డు మిల్లులు ఒకదాని తరవాత ఒకటి తాళాలేసుకుంటున్న రోజులవి. ఎక్కడ చూసినా ఎర్రజెండాలు, మూసిన గేట్లు. నాటకం కూడా అలాంటి మిల్లు గేటు దగ్గరే. ఒక ముసలి గేటు కాపలాదారు రోజూ తెల్లారగానే షిఫ్టు గంట కొట్టేవాడు. మిల్లు మూసేశారు, ఆఖరికి గంట కూడా ఊడదీసి పట్టుకుపోయారు. అయినా రేపు పొద్దున్న గంట కొడతానని అతను జనానికి మాటిచ్చాడు. లేని గంట ఎలా కొడతాడు? ఇంటర్వెల్‌కి ముందు అతను మూసిన గేటుతో ఒక్కడే మాట్లాడే ఘట్టం ఒకటుంది. పెద్ద నటుడాయన, జుట్టు నెరిసినవాడు. గొంతు పెంచడు, చేతులూపడు. మొదటిసారి ఆ ఘట్టం చూస్తుంటే, అబ్బ, ఇది మా అయ్య చూడాలి అనిపించింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే బయటికొచ్చి ట్రామెక్కేశాను. మిగతాది ఆయనతో కలిసి చూద్దామని. నా మొండితనం అలాంటిది, ఏం చెయ్యను.

వంగభాష నాటకం నాకేటి తెలుస్తాదే అని అయ్య బెట్టు చేశాడు. ముప్ఫై ఏళ్ళుగా డాకులో వంగభాషలో తిట్లు తింటూ, తిడుతూ ఉన్న మనిషి ఆయన! చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన తుండుగుడ్డ వేసుకుని వచ్చాడు. కమ్మీ దగ్గర చోటు చూడగానే మొహం వికసించింది. చేత్తో కమ్మీని ఊపి చూసి, గట్టిదే అన్నాడు. కండక్టరు దాదా ఆయనకి మధ్యలో చోటిచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు దాదా అనుకున్నారు. నాటకం మొదలైంది.

ఆ ఘట్టం వచ్చింది. ముసలి కాపలాదారు గేటు ముందు నిలబడ్డాడు. హాల్లో చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. అయ్య స్టేజీని చూస్తున్నాడు, నేను అయ్యని చూస్తున్నాను. కమ్మీని పట్టుకున్న వేళ్ళు బిగిసిపోయి ఉన్నాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నటుడు ఆఖరి మాట అనేసి, నుదురు గేటుకి ఆన్చి ఆగిపోయాడు.

"వన్స్‌మోర్!"

ఓడ మీంచి జెట్టీ దాకా వినబడే గొంతు అది. హాలు మొత్తం వెనక్కి తిరిగింది. ముందు ఎవరో నవ్వారు, తరవాత చాలామంది నవ్వారు, తరవాత కోప్పడ్డారు. తాగొచ్చాడు, బయటికి పంపండి అని కేకలేశారు. స్టేజీ మీద ఆయన భుజాలు ఒక్కసారి ఉలిక్కిపడడం నేను చూశాను. తల గేటుకి ఆన్చే ఉంచాడు. హాలు మనిషి ఒకడొచ్చి అయ్య జబ్బ పట్టుకున్నాడు. అయ్య విదిలించుకోలేదు. తుండుగుడ్డ సర్దుకుని బయటికి నడిచాడు. నేను మాత్రం ఊరుకుంటానా? మెట్ల మీద ఆ మనిషిని తెలుగులో, హిందీలో, వంగభాషలో కలిపి కడిగేశాను. మా అయ్య చుక్క ముట్టని మనిషని, మెచ్చుకోవడం చేతకానివాళ్ళు మీరేనని అరిచాను. అయ్య నా చెయ్యి పట్టుకుని ట్రాము దాకా లాక్కొచ్చాడు.

జనం నవ్వారని బాధపడుతున్నాడనుకున్నాను. ధర్మతల వచ్చింది. అక్కడ ట్రాము మారుతుంటే అప్పుడన్నాడు.

"ఎత్తు గాల్లో ఉన్నప్పుడు మనిషిని పిలిసీసినానే."

డాకులో అంతకంటే పెద్ద తప్పు లేదు. ఎత్తు, అంటే వించీ ఎత్తిన సరుకు, గాల్లో వేలాడుతుండగా వించీ నడిపేవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, ఈలేయకూడదు, మెచ్చుకోవడానికైనా సరే. వాడి చెయ్యి ఉలిక్కిపడిందంటే కింద ఉన్నవాళ్ళ తలకాయలు పోతాయి. మనవాళ్ళ నాటకంలో పద్యం అయిపోయిందంటే సరుకు దిగినట్టేనట. వీళ్ళ నాటకంలో నుదురు ఆన్చాక కూడా అది గాల్లోనే ఉందట, అది తను చూసుకోలేదట. జనం నవ్వడం, జబ్బ పట్టుకోవడం ఆయన చెవికే ఎక్కలేదు. తనే తనకి శిక్ష వేసుకున్నాడు. ఇక ఆ హాలు గుమ్మం తొక్కనన్నాడు.

ఇంకెవరైనా అయితే సర్లే పోనీ అనుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అయ్య జీవితంలో మొదటిసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని నాటకానికి వస్తే సగం చూపించి పంపేస్తారా? ఆ రెండో సగం ఆయనకి చూపించి తీరాలి. దుర్గాపూజ ముందు ఆ నాటకం ఎత్తేసి కొత్తది వేస్తారని అప్పటికే గోడల మీద కాగితాలు అంటిస్తున్నారు. ఉన్నవి కొద్ది ఆదివారాలే. ఆయన చూసేదాకా నేనూ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

తరవాతి ఆదివారం కిటికీ దగ్గరికెళ్ళి రెండు అడిగాను. కాకూ తల అడ్డంగా ఊపాడు. మేనేజరు చెప్పాడట, ఆ ముసలాయనకి టికెట్టు ఇవ్వొద్దని. నీకు ఒకటి ఇస్తాను, నీ మీద కోపం లేదన్నాడు. ఇస్తే రెండు, లేకపోతే వద్దన్నాను. వద్దంటే వద్దు. హాలు ఎదురుగా టీ కొట్టు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను, ఆట అయిందాకా. అయ్య ఇంట్లో ఉన్నాడు, రానని చెప్పాడు, అయినా రెండో టికెట్టు కోసం నా దెబ్బలాట. ముందు హక్కు సంపాదించి పెడితే మనిషిని తరవాత లాక్కురావొచ్చని నా లెక్క.

ఆ పై ఆదివారమూ అంతే. వానొచ్చింది. టీ కొట్టువాడు టార్పాలిను కిందికి రమ్మన్నాడు. ఇంటర్వెల్లో కమ్మీవాళ్ళంతా బయటికొచ్చి నా చుట్టూ మూగారు. పిచ్చిదానా, కథ మేం చెప్పేస్తాం, విని ఇంటికెళ్ళు అని మొదలెట్టారు. రెండు చెవులూ మూసుకుని ఇటు తిరిగాను. కండక్టరు దాదా వాళ్ళని అదిలించి, మధ్యలో నీ చోట రుమాలు కట్టే ఉంచుతున్నాం అన్నాడు. ఎవరి రుమాలని అడిగితే తనదేనన్నాడు. ఇంకొకటీ కట్టాను, మీ నాన్నది అన్నాడు. అప్పుడు మాత్రం నాకు వానలో కూడా తెలిసేంత ఏడుపొచ్చింది. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా అన్నాడు. ఆ రోజు నుంచి పెద్దాయన ఆ గేటు ఘట్టం తొందరగా ముగించేస్తున్నాడట. నుదురు ఆన్చి ఆన్చకుండానే వెనక్కి తిరిగేస్తున్నాడట.

ఇంటికొచ్చాను. ఇంట్లో కథ ఇంకోలా ఉంది. అయ్యకి ఉబలాటం పట్టుకుంది, కానీ బయటపడడు. అన్నం కలుపుతూ ఆగిపోతాడు. ఉన్నట్టుండి, మిల్లు గంట ఇత్తడిదా కంచుదా అని అమ్మని అడుగుతాడు. ఒకరోజు గెడ్డం గీసుకుంటూ అద్దంలోంచే నన్నడిగాడు.

"ఇంతకీ ఆ ముసిలోడు గంట కొట్టేడా, నేదా?"

తెల్దన్నాను. ఎన్ని ఆదివారాలు ఎల్లేవు, తెల్దంటావేటి అన్నాడు. నువ్వు వచ్చేదాకా చూడనని ఒట్టేసుకున్నానని చెప్పాను. బ్లేడు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. సబ్బు నురగతో సగం మొహం, కోపంతో సగం మొహం. గుంటవి కావే నువ్వు, గుదిబండవి అన్నాడు. నేను నవ్వాను. ఆయనకీ నవ్వొచ్చింది గానీ నురగలో దాచేశాడు. అయినా రానన్నాడు. తప్పు చేసిన చోటికి మళ్ళీ వెళ్ళి టికెట్టు కొని వేడుక చూడడం సిగ్గులేని పని అన్నాడు.

అప్పుడు నాకు తెలిసింది, ఇది కిటికీ దగ్గర తేలే వ్యవహారం కాదని. నటుడి దగ్గరే తేలాలి.

రెండు ఆటలకీ మధ్య ఆయన హాలు పక్క సందులోకి వచ్చి టీ తాగుతాడని అందరికీ తెలుసు. ఎవరూ పలకరించరు, అదో మర్యాద. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. మొహం మీద రంగు అలాగే ఉంది, చేతిలో మట్టి ముంత. దగ్గర్నుంచి చూస్తే మా అయ్య కంటే పెద్దవాడు, అలిసిపోయినవాడు. ఆ రోజు వెనక నుంచి కేకేసింది మా నాన్నండీ అన్నాను. ముంత కింద పెట్టేశాడు. కోపంగా లేడు. నేను అంత చెత్తగా చేశానా అని అడిగాడు.

ఇన్ని వారాలూ ఆయన అది ఎగతాళి అనుకున్నాడు. ఎవడో వేళాకోళానికి అన్నాడనీ, ఆ నిశ్శబ్దం ఎక్కువసేపు ఉంచితే ఇంకెవడైనా అంటాడనీ అనుకున్నాడు. అందుకే తొందరపడుతున్నాడు. నేను గబగబా చెప్పుకొచ్చాను. మా నాటకాలు, మా పద్యాలు, చచ్చినవాడు లేచి పాడడం, అన్నీ. మాలో అంతకంటే పెద్ద మెప్పు లేదన్నాను. ఆయన ముంత మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అలా అడిగితే ఎన్నిసార్లు పాడతారని అడిగాడు. జనం ఊరుకునేదాకా అన్నాను. నవ్వాడు, రంగు పగిలేలా. ఇన్నేళ్ళలో నన్నెవరూ రెండోసారి అడగలేదమ్మా అన్నాడు. మీ నాన్నని తీసుకురా, కిటికీ దగ్గర నేను చెబుతానన్నాడు. రాడండీ అని, డాకు సంగతీ, గాల్లో ఉన్న సరుకు సంగతీ చెప్పాను. ఆయన వింటూ నా చేతుల వైపే చూస్తున్నాడు. నాకు తెలీకుండానే సైగలు చేసేస్తున్నాను. ఆ ఆఖరిదేమిటని అడిగాడు. దిగింది, క్షేమం అని చెప్పాను.

ఇంటికొచ్చి అయ్య ముందు కూర్చుని, ఆయన పిలిచాడని చెప్పాను. కదల్లేదు. కోపం లేదట అన్నాను. కదల్లేదు. నా తురుపుముక్కలన్నీ అయిపోయాయి. చివరికి, నిజానికి ఏ ఉద్దేశమూ లేకుండా, పాపం ఆయన ఆ రోజు నుంచి ఆ చోట తొందరపడుతున్నాడట అయ్యా అన్నాను.

అయ్య తల ఎత్తాడు. ఏ చోట, ఎంత తొందర, చెయ్యి వణుకుతోందా అని గుచ్చి గుచ్చి అడిగాడు. మొహం మారిపోయింది. డాకులో దీనికీ ఒక పద్ధతుంది, అప్పుడు చెప్పాడు నాకు. ఎవడైనా తప్పు కేక వేసి వించీవాణ్ణి బెదరగొడితే, ఆ తరవాత వాడు ప్రతి ఎత్తూ గబగబా దించేస్తుంటాడు, బెదురు పోదు. అలాంటప్పుడు ఆ కేక వేసినవాడే, మళ్ళీ అదే చోట, వాడికి కనిపించేలా వచ్చి నిలబడాలి. నోరు మూసుకుని నిలబడాలి. ఒక ఎత్తు సవ్యంగా దిగేదాకా కదలకూడదు. అప్పుడే వాడి చెయ్యి కుదుటపడుతుంది. వేరేవాడు నిలబడితే లాభం లేదు.

ఇన్నాళ్ళూ సెప్పవేటే అని నన్నే తిట్టాడు. ఇస్త్రీ చొక్కా తనే తీసుకున్నాడు.

అది ఆ నాటకం ఆఖరి ఆటకి ముందు ఆదివారం. ధర్మతల పక్క మైదానంలో పెద్ద సభ ఉంది, జిల్లాల నుంచి లారీల్లో జనం. ధర్మతల దగ్గర ఊరేగింపులకి ట్రాములన్నీ వరసగా ఆగిపోయాయి. ఇప్పట్లో కదలవని కండక్టర్లు దిగి బీడీలు ముట్టించారు. నేను వెనక్కి పోదామంటానేమోనని అయ్య నా వైపు అనుమానంగా చూశాడు. ఆయన వద్దంటాడేమోనని నేను చూశాను. ఇద్దరం దిగి నడక మొదలెట్టాం. ఎర్రజెండాల వరసకి ఎదురీదుతూ, నినాదాలు మా చెవుల్లో హోరెత్తుతుంటే, ఒకరి చెయ్యి ఒకరం వదలకుండా నడిచాం. ఆయన నడక చూస్తే డ్యూటీకి ఆలస్యమైన మనిషిలా ఉంది.

కాకూ మమ్మల్ని చూసి మారుమాట లేకుండా రెండు చింపి ఇచ్చాడు. కమ్మీ దగ్గర మధ్యలో రెండు రుమాళ్ళున్నాయి. కండక్టరు దాదా విప్పి జేబులో పెట్టుకున్నాడు.

గేటు ఘట్టం వచ్చింది. నటుడు గేటు ముందుకొచ్చి, మాట మొదలెట్టే ముందు, ఒక్క క్షణం హాలు చివరికి చూశాడు. అయ్య కమ్మీ వదిలేసి నిటారుగా నిలబడ్డాడు, ఓడ మీద నిలబడినట్టే. తుండుగుడ్డ కొస నోట్లో కుక్కుకున్నాడు. నటుడు మాట్లాడాడు. తొందర లేదు. ఆఖరి మాట అని నుదురు ఆన్చాడు. ఆన్చి ఉంచాడు. ఎంతసేపు ఉంచాడని! ఎవరూ దగ్గలేదు. అయ్య కదల్లేదు. తెర పడింది. తుండుగుడ్డ నోట్లోంచి తీసి, చెయ్యి కుదుటపడింది, పరవానేదు అన్నాడు నాతో.

రెండో సగం చూశాం, ఇద్దరం, మొదటిసారి. ముసలి కాపలాదారుకి తెల్లారింది. గంట లేదు. జనం ఎదురుచూస్తున్నారు. అతను వెళ్ళి ఆ మూసిన ఇనప గేటునే ఒక రాయి పెట్టి కొట్టాడు, ఖంగుమని. మళ్ళీ కొట్టాడు. ఇన్నాళ్ళూ మూసి ఉన్న గేటే గంట అయింది. దీపాలు ఆరిపోయాయి. చప్పుడు మాత్రం చీకట్లో చాలాసేపు ఉంది.

చప్పట్లు మారుమోగాయి. దీపాలు వెలిగాయి, నటులంతా వచ్చి నిలబడ్డారు. నేను అరచేతులు మండేలా కొడుతున్నాను. పక్కకి చూస్తే అయ్య చప్పట్లు కొట్టడం లేదు. రెండు చేతులూ తల మీదికెత్తి, అరచేతులు కిందికి పెట్టి, మెల్లగా పక్కలకి తెరిచాడు. ఒక్కసారే, పనిలో చేసినంత శుభ్రంగా. స్టేజీ మీద పెద్దాయన అటే చూస్తున్నాడు. చూసి కళ్ళు తుడుచుకుంటే మొహం మీద రంగు చెదిరింది. కండక్టరు దాదా ఇదేమిటని నన్నడిగాడు. చెప్పాను. ఆయన తన పొడుగు చేతులెత్తి తనూ చేశాడు. అది చూసి పక్కవాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కమ్మీ పొడుగునా చేతులు లేచాయి.

బయటికొస్తుంటే కాకూ కిటికీలోంచి పిలిచాడు. పెద్దాయన పంపాడట, వచ్చే ఆదివారం ఆఖరి ఆటకి రెండు పాసులు, ముందు నుంచి మూడో వరస, మెత్తటి కుర్చీలు. అయ్య ఆ పాసుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు చేతులతో మర్యాదగా కిటికీలోకి తిరిగి ఇచ్చేశాడు. నిలబడేవి రెండు కావాలన్నాడు. ఊరికే ఇస్తుంటే కుర్చీలు ఎందుకొద్దు అయ్యా అని నేను అడిగాను.

"కూకుని సెయ్యెత్తితే ఆయనకేటి అగుపడతాదే?" అన్నాడు.